దేవుని ప్రేమను ఎరిగి, నమ్ముకుని బతకడం ఎలా? రోజూ చేయగలిగిన కొన్ని పనులు

“దేవుడు ప్రేమాస్వరూపి” అన్న మాట సండే స్కూల్లోనే మనకు కంఠతా వచ్చేస్తుంది. ఇంటి గుమ్మం మీదా, క్యాలెండర్ మీదా, ఆటో వెనక అద్దం మీదా చదువుతూనే ఉంటాం. కానీ రాత్రి పదకొండింటికి ఊరి నుంచి ఫోనొచ్చి నాన్నకు గుండెనొప్పి అంటే, పిల్ల ఇంటర్ తప్పితే, ఈ నెలతో కాంట్రాక్టు ఆఖరని సూపర్‌వైజర్ చెప్తే, నోటికొచ్చే మొదటి మాట వేరుగా ఉంటుంది. “నామీద దేవునికి ఎందుకింత కోపం?” విశాఖలో స్త్రీల కూడికల్లోనూ, ఇంటి ప్రార్థనల్లోనూ ఈ ప్రశ్న నేను వింటూనే ఉన్నాను. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి సంఘంలో ఉన్నవాళ్లే.

యోహాను తన మొదటి పత్రిక 4వ అధ్యాయం 16వ వచనంలో “మనయెడల దేవునికి ఉన్న ప్రేమను మనమెరిగినవారమై దాని నమ్ముకొనియున్నాము” అని రాశాడు. మనలో చాలామందికి ఎరగడం ఎంతో కొంత ఉంది. నమ్ముకోవడమే అవసరానికి చేతికందదు. ఎందుకంటే దేవుని ప్రేమను ఆ రోజు మనకు జరిగినదాన్ని బట్టి కొలుస్తాం. కొలవాల్సింది సిలువ దగ్గర. సిలువను ముందు చూసి, ఆ తర్వాత మన రోజు వైపు చూడడం నేర్చుకోవాలి. దానికి ఏం చేయాలో రాస్తున్నాను. ఇవి వారంలో తెమిలే పనులు కావు, కానీ ఈరోజే మొదలుపెట్టగలిగినవి.

ముందు మీ కొలత ఏదో పట్టుకోండి

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. ఫోన్లో రాసుకున్నా సరే. “దేవుడు నాతో సంతోషంగా ఉన్నాడు” అని గానీ, “దేవునికి నామీద కోపంగా ఉంది” అని గానీ మనసుకు తోచిన ప్రతిసారీ, ఎందుకలా తోచిందో ఒక్క వాక్యం రాయండి. ఒక వారం పాటు ఇలా చేయండి. మాటలు దిద్దకండి, భక్తిగా మార్చి రాయకండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

వారం చివర్లో తిరగేస్తే ఇలాంటివి కనపడతాయి: “పొద్దున్న ప్రార్థన చేయకుండా బయల్దేరాను, మద్దిలపాలెం దగ్గర బండి పంక్చరైంది.” “శుక్రవారం ఉపవాసం ఉన్నాను, ఇంటి ఓనరు ఈ ఏడాది అద్దె పెంచనన్నారు.” “అత్తగారి మీద అరిచాను, సాయంత్రానికి పిల్లాడికి జ్వరం.” వీటన్నిటి కిందా ఉన్న లెక్క ఒకటే. నేను బాగా చేస్తే ఆయన ప్రేమిస్తాడు, నాకు బాగా జరిగితే ఆయన ప్రేమిస్తున్నట్టు. ఈ లెక్క మీ రాతలో మీ కళ్లకు కనపడడమే సగం పని.

ఈ లెక్కను మనం ఒకరికొకరం నేర్పుకుంటున్నాం కూడా. దేవుడు చేసిన మేలు అందరిముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఒకరు లేచి, “ప్రభువు నాకు మధురవాడలో ఫ్లాట్ ఇచ్చాడు, ఆయన ప్రేమ ఎంత గొప్పదో” అంటారు. అందరం హల్లెలూయ అంటాం. ఫ్లాట్ దేవుడిచ్చిందే, కృతజ్ఞత చెప్పాల్సిందే. కానీ వెనక వరసలో రెండు నెలల అద్దె బాకీతో కూర్చున్న సహోదరి ఆ మాట విని ఏమనుకుంటుంది? మీకు సాక్ష్యం చెప్పే అవకాశమొస్తే, దొరకనిదాని గురించి కూడా చెప్పండి. “ఉద్యోగం ఇంకా రాలేదు, ఆయన నన్ను విడవలేదు” అని లేచి చెప్పేవాళ్లు మన సంఘాల్లో బాగా తక్కువ. అలాంటి సాక్ష్యం వినడానికి నేనైతే ఎంత దూరమైనా వెళ్తాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికని వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డు కూడా కొందరికి కొలతే. కార్డులో మంచి మాట ఉంది, ఏడాదంతా నష్టమే జరిగింది, మరి దేవుడు మాట తప్పాడా? ఇలా అనిపించినప్పుడు ఆ వచనమున్న అధ్యాయం మొత్తం చదవండి. చాలా కార్డుల మీద కనపడేది యిర్మీయా 29:11, “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అన్న మాట. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ల మాట ఉంది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అదే ఉత్తరంలో పైన చెప్పాడు. ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి యెరూషలేము చూసి ఉండరు. ఆ మాట వాళ్లకు కూడా నిజమే. కార్డును పారేయనక్కర్లేదు, పక్కన బైబిలు తెరిచి పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు సిలువ దగ్గరికి రండి

నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి పైన రోమా 5:8 రాయండి. “మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను.” ఎప్పుడు చనిపోయాడో చూడండి. మనం ప్రార్థనలో కుదురుకున్నాక కాదు, సంపాదనలో పదో వంతు, అదే దశమభాగం, సరిగ్గా ఇచ్చాక కాదు. రెండు వచనాల తర్వాత పౌలు ఇంకా ముందుకెళ్లి, మనం శత్రువులుగా ఉన్నప్పుడే ఆయన మనల్ని తనతో సమాధానపరచుకుంటే, ఇప్పుడు ఆయన వాళ్లమయ్యాక మరింత నిశ్చయంగా రక్షిస్తాడు కదా అంటాడు. మీరు ఈ వారం చేసిన తప్పు ఆ మొదటి స్థితి కంటే పెద్దదా?

ఆ కింద, మొదటి వారం రాసుకున్న ఒక్కో వాక్యానికీ జవాబు రాయండి. పంక్చర్ గురించి: “బండి ఎందుకు ఆగిందో నాకు తెలియదు. మేకు గుచ్చుకుని ఉండొచ్చు. ఆయన నన్ను ప్రేమిస్తున్నాడన్నది మాత్రం సిలువలో ముందే తేలిపోయింది.” పిల్లాడి జ్వరం గురించి: “అత్తగారి మీద అరవడం తప్పు, వెళ్లి క్షమాపణ అడుగుతాను. జ్వరానికి మందు వేస్తాను. ఈ రెండింటికీ నేను ముడి వేయను.” మొదట్లో మనసు ఒప్పుకోదు. రాయండి. రాయగా రాయగా, అలాంటి ఆలోచన వచ్చినప్పుడే జవాబు కూడా వెంట రావడం మొదలవుతుంది.

దీనితోపాటు లూకా 15వ అధ్యాయాన్ని కొన్నాళ్లు రోజూ చదవండి. బయటికి వినపడేలా, నిదానంగా. మన ఊరివాళ్లకు ఈ అధ్యాయం మీద ఒక ప్రత్యేకమైన హక్కుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో ఇక్కడే సువార్తల అనువాదం సాగింది. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికే క్రాన్, డెగ్రాంజెస్ ఇద్దరూ చనిపోయారు, అచ్చు పుస్తకం చేత్తో పట్టుకోలేదు. తప్పిపోయిన కుమారుడి కథ తెలుగులో అచ్చుకెక్కడానికి పని జరిగింది ఈ ఊళ్లోనే అని మా సండే స్కూలు పిల్లలకు చెప్తే, వాళ్లు ఆ పేజీని ఇంకోసారి తిప్పి చూస్తారు.

చదివేటప్పుడు ఒకచోట ఆగండి. పందుల దగ్గర ఆకలితో కూర్చున్న చిన్నకొడుకు, ఇంటికెళ్లి తండ్రితో ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకుంటాడు. పాపం చేశాను, నీ కొడుకుననిపించుకునే యోగ్యత లేదు, నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. 18, 19 వచనాల్లో ఈ మూడు మాటలూ ఉన్నాయి. 21వ వచనంలో తండ్రి ముందు నిలబడి చెప్పేటప్పుడు మొదటి రెండే వస్తాయి. కూలివాడిగా పెట్టుకో అన్న మాట అక్కడ లేదు. అప్పటికే తండ్రి, కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూసి, పరుగెత్తుకెళ్లి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు. ప్రశస్తమైన వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని దాసులకు చెప్తున్నాడు.

మనలో చాలామంది ప్రార్థనలు ఆ మూడో మాట దగ్గరే ఆగిపోయాయి. “ప్రభువా, నేను పనికిరానిదాన్ని, ఏదో నీ ఇంటి మూలన ఉండనివ్వు” అని రోజూ అడుగుతాం. దాన్ని వినయం అనుకుంటాం. తండ్రి దాన్ని ఒప్పుకోలేదని కథ చెప్తోంది. కాబట్టి రేపు ప్రార్థన మొదలుపెట్టేటప్పుడు “తండ్రీ” అని ఒక్క మాట అని, కాసేపు ఆగండి. అడగాల్సినవి తర్వాత అడగొచ్చు. కొందరికి ఈ మాటే కష్టం, ఎందుకంటే ఇంట్లో తండ్రి తాగి కొట్టినవాడు, లేదా వదిలేసి వెళ్లినవాడు. మీరు అలాంటి ఇంట్లో పెరిగితే యెషయా 49:15 దగ్గర మొదలుపెట్టండి. తల్లి చంటిపిల్లను మరిచిపోతుందా అని అడిగి, “వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను” అంటాడు అక్కడ. కన్నవాళ్లు తప్పిపోగలరని ఆయనే ఒప్పుకుంటున్నాడు.

పెద్దకొడుకును కూడా వదిలేయకండి. సంఘంలో ఎక్కువకాలంగా ఉన్నవాళ్లకు అతని మాటలు దగ్గరగా తగులుతాయి. ఇన్నేళ్లు నీకు సేవ చేశాను, నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అంటాడు. ఇంట్లోనే ఉన్నాడు, మనసులో మాత్రం కూలి లెక్క వేసుకుంటున్నాడు. కొయిర్‌లో పాడేవాళ్లు, చాపలు పరిచేవాళ్లు, వంటల కమిటీలో అలిసిపోయేవాళ్లు ఆ వచనాల్ని తమ పేరు పెట్టుకుని చదవాలి. తండ్రి అతని కోసం కూడా బయటికొచ్చి బతిమాలాడు.

తప్పు చేసిన రోజు ఏం చేయాలి

ఆలస్యం చేయకండి. తప్పు చేశాక నాలుగు రోజులు ప్రార్థనకు దూరంగా ఉండి, కాస్త మంచిగా నడిచి, అప్పుడు దేవుని దగ్గరికి వెళ్దామనుకోవడం మనలో చాలామందికి అలవాటు. అంటే మళ్లీ కూలి లెక్కే. ఆ గంటలోనే వెళ్లండి.

వెళ్లేముందు మనసులో వినిపిస్తున్న గొంతు ఎవరిదో గుర్తుపట్టండి. “నువ్వింతే, ఎప్పటికీ మారవు” అనే గొంతుకు ఏ పేరూ, ఏ తేదీ ఉండదు. దాని మాట విని చేయగలిగింది ఏమీ ఉండదు, కుంగిపోవడం తప్ప. పరిశుద్ధాత్మ చూపించే తప్పు స్పష్టంగా ఉంటుంది: నిన్న వదినతో ఫోన్లో అన్న ఫలానా మాట. అది చూపించగానే చేయాల్సిన పని కూడా కనపడుతుంది. ఒప్పుకోండి, పేరు పెట్టి ఒప్పుకోండి. తర్వాత వదినకు ఫోన్ చేయండి. డబ్బు విషయమైతే డబ్బు తిరిగివ్వండి. దేవుని ప్రేమ తప్పును చూసీ చూడనట్టు వదిలేయదు, హెబ్రీ 12వ అధ్యాయం ఆ సంగతి గట్టిగా చెప్తుంది. కానీ ఆ దిద్దుబాటు కొడుకుకు జరిగేది, ఇంటి లోపల జరిగేది.

పేతురు సంగతి చూడండి. యేసును పట్టుకున్న రాత్రి, చలి కాచుకుంటూ నిప్పుల దగ్గర నిలబడి ఆయన్ని ఎరుగనన్నాడు. యోహాను 21లో ఒడ్డున మళ్లీ నిప్పులున్నాయి, వాటి మీద చేపలు, రొట్టె ఉన్నాయి. రాత్రంతా వల వేసి ఉత్త చేతులతో తిరిగొచ్చే తెల్లవారుజాము ఎలా ఉంటుందో మన జాలరిపేటల్లో ఎవర్నడిగినా చెప్తారు. అలాంటి పొద్దున ఒడ్డుకొచ్చిన వాళ్లను యేసు భోజనానికి రమ్మన్నాడు. తిన్నాకే ప్రశ్న అడిగాడు, మూడుసార్లు అడిగాడు, ప్రతిసారీ పని అప్పగించాడు. తప్పు చేసిన రోజు రాత్రి పడుకునేముందు ఈ అధ్యాయం చదవండి.

కష్టం వచ్చినప్పుడు

విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ పిల్లల వార్డు బయట వరండాలో, అట్టపెట్టె విప్పి పరుచుకుని ఒకావిడ కూర్చుని ఉంది. పక్కన ఫ్లాస్కు, ప్లాస్టిక్ కవర్లో బన్ను. లోపల కొడుక్కి డెంగీ. చూడ్డానికి వచ్చిన ఒక విశ్వాసి “దాచుకున్న పాపం ఏదైనా ఉంటే ఒప్పుకో” అని చెప్పి వెళ్లిపోయారట. ఆవిడ రాత్రంతా వెతుక్కుని, పోయిన నెల వల బాగుచేయించడానికి దశమభాగం డబ్బు వాడేశామన్న సంగతి గుర్తుచేసుకుంది. చీర చెంగు ముడి విప్పి, అందులో ఉన్న నోట్లు నాకు చూపించి, “ఇవి ఇచ్చేస్తే జొరం దిగిపోద్దా అమ్మా?” అని అడిగింది.

ఆ డబ్బుతో ముందు మీరు ఏదైనా తినండి అన్నాను. యోహాను 11వ అధ్యాయం తీసి 5, 6 వచనాలు చదివాను. యేసు మార్తను, ఆమె సహోదరిని, లాజరును ప్రేమించాడని ఐదో వచనం. లాజరు రోగంతో ఉన్నాడని విని, ఉన్నచోటే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడని ఆరో వచనం. ఆవిడ నన్ను ఆపి, “మరి పేమున్నోడు ఎందుకాగిపోనాడమ్మా?” అంది. మార్త, మరియ ఇద్దరూ అడిగింది కూడా ఇంచుమించు అదే, నువ్వు ఇక్కడుంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదని. యేసు వాళ్లను గద్దించలేదు. సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆలస్యం జరిగింది, ప్రేమ కూడా అక్కడే ఉంది, రెండూ పక్కపక్క వచనాల్లో ఉన్నాయి. మన కష్టంలో కూడా ఒకటి ఉంది కాబట్టి రెండోది లేదనుకోవద్దు. ఆ పిల్లాడు కోలుకుని ఇంటికెళ్లాడు. కోలుకోకపోయినా నేను ఆ వచనాలే చదివేదాన్ని.

ఊరంతా కలిసి పడిన కష్టం కూడా మనకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. అది ఆదివారం. చెట్లు కూలి, కరెంటు పోయి, నీళ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం క్యూల్లో నిలబడ్డాం. ఇది విశాఖ పాపానికి శిక్ష అన్న మాట ఆ రోజుల్లో నా చెవిన కూడా పడింది. లూకా 13లో యేసు ఎదుట ఇలాంటి సంగతే వచ్చింది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న అందరికంటే పాపులా అని ఆయనే అడిగి, “కారని మీతో చెప్పుచున్నాను” అన్నాడు. చనిపోయినవాళ్ల పాపం లెక్కపెట్టడం మాని, బతికున్న మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. పుట్టుగుడ్డి విషయంలో కూడా వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదన్నాడు. ఈ రెండు చోట్లా యేసు ఇంత గట్టిగా చెప్పాక, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి రోగికి పాపాల జాబితా అడిగే అధికారం మనకెవరికీ లేదు.

మరి కష్టంలో ఉన్నప్పుడు ఏం చేయాలి? మొదట దేవునికి ఫిర్యాదు చేయండి. కీర్తన 13 తీయండి, ఆరే వచనాలు. “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” అని మొదలవుతుంది. దాని పద్ధతిలో మీ కీర్తన మీరు రాసుకోండి. ఎన్నాళ్లు అని అడగండి, దేనికో పేరు పెట్టి అడగండి. ఏం కావాలో చెప్పండి. చివర ఐదో వచనం అలాగే ఎత్తి రాసుకోండి: “నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను.” ఆ చివరి మాట రాయడానికి ఈరోజు మనసు రాకపోతే అక్కడికే ఆపండి. కీర్తన 88 చివరిదాకా చీకట్లోనే ఉండి చీకట్లోనే ముగుస్తుంది, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. దేవుని మీద గట్టిగా అరవగలిగినవాళ్లు ఆయన వింటున్నాడని నమ్మినవాళ్లే.

రెండోది, శరీరాన్ని చూసుకోండి. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దేవుడు అతనికి ప్రసంగం పంపలేదు. అప్పం, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. వరసగా నైట్ షిఫ్టులు చేసి, నిద్రలేక, “దేవుడు నాకు దూరమయ్యాడు” అనిపిస్తే ముందు పడుకోండి. డాక్టరు రాసిన మందులు ప్రార్థన పేరుతో ఆపకండి, ఎవరు ఆపమన్నా ఆపకండి. వారాల తరబడి ఏడుపు, నిద్రలేమి, బతకాలని లేదన్న ఆలోచన ఉంటే అది విశ్వాసం చాలకపోవడం కాదు, డాక్టరును చూడాలి. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పాస్టరు గారికి కూడా చెప్పండి, రెండూ చేయండి.

చిన్న విషయాల్లో అప్పగించడం

పెద్ద కష్టంలో నమ్మకం కావాలంటే చిన్నవాటిలో అలవాటుండాలి. వారానికి ఒక చింత ఎంచుకోండి. కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా అన్నది అనుకోండి. కాగితాన్ని మధ్యలో గీసి, ఒక పక్క నేను చేయగలిగింది రాయండి: అప్లికేషన్ పెట్టడం, ఇంకో రెండు చోట్ల అడగడం, ఈ నెల కొత్త వాయిదాలు పెట్టుకోకపోవడం. రెండో పక్క నా చేతిలో లేనిది: పై ఆఫీసరు నిర్ణయం. మొదటి పక్క ఉన్న పని పూర్తిగా చేయండి. రెండో పక్క ఉన్నదాన్ని చదివి దేవునికి అప్పగించండి. 1 పేతురు 5:7 “మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అని ఊరకే చెప్పడం లేదు, “ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక” అని కారణం కూడా చెప్తోంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఆ చింత మళ్లీ పట్టుకుంటే, మొత్తం ప్రార్థన మళ్లీ మొదలుపెట్టకండి. “ఇది నీకు ఇచ్చేశాను తండ్రీ” అని చెప్పి పక్కకు తిరిగి పడుకోండి. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు.

అప్పగించడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. మన పోర్టులోకి వచ్చే పెద్ద ఓడను ఎప్పుడైనా గమనించారా? సముద్రాలు దాటొచ్చిన కెప్టెన్ కూడా డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న కాలువలోకి సొంతంగా దూరడు. పోర్టు పైలట్ పడవలో ఎదురెళ్లి, ఓడెక్కి దారి చెప్తాడు. కెప్టెన్ తన చోటే ఉంటాడు, తన మనుషులతో తన పనంతా చేయిస్తూనే ఉంటాడు, ఎటు తిప్పాలో మాత్రం పైలట్ మాట వింటాడు. ఆ నీళ్ల లోతు పైలట్‌కు తెలుసు. మీ పని మీరు చేస్తూనే దారి ఆయన్ని అడగడం అలాంటిదే.

దీనికి ప్రత్యేకమైన వేళ ఏదీ అక్కర్లేదు. తెల్లవారకముందే బీచ్ రోడ్డులో నడిచేవాళ్లు ఫోన్ జేబులో పెట్టి నడుస్తూ మాట్లాడొచ్చు. స్టీల్‌ప్లాంటు డ్యూటీకి వెళ్లేవాళ్లకు బస్సులో పావుగంట దొరుకుతుంది. పిల్లలున్న ఇంట్లో అమ్మలకు ఒక్క నిమిషం కూడా ఖాళీ ఉండదు, నాకు తెలుసు. పొద్దున్న పొయ్యి వెలిగించేముందు “ఈరోజు కూడా నేను నీ పిల్లనే” అని ఒక్క మాట చెప్పి అగ్గిపుల్ల గీయండి. గంట ప్రార్థన చేయలేకపోయానే అన్న దిగులు ఆ రోజంతా మోయకండి. మనం మట్టితో చేసినవాళ్లమని ఆయనకు గుర్తుందని కీర్తన 103 చెప్తోంది.

ఏమీ అనిపించకపోయినా ఇవి చేస్తూ ఉండండి. ప్రేమ అనిపించే రోజులు వస్తాయి, పోతాయి. అనిపించనప్పుడు చేసిన ప్రార్థనకు విలువ తక్కువని బైబిల్లో ఎక్కడా లేదు.

బల్లకు దూరంగా ఉండకండి

యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, పాత్ర పుచ్చుకునే ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్లెం తమ వరసకు వస్తుంటే తల దించుకుని పక్కవాళ్లకు అందించేసేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. నేను యోగ్యురాలిని కాను అంటారు. 1 కొరింథీ 11:28 మళ్లీ చూడండి. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకుని, ఆ తర్వాత ఆ రొట్టె తిని ఆ పాత్రలోనిది తాగాలని ఉంది. పరీక్ష తినడం మానడానికి పెట్టింది కాదు, తినడానికి సిద్ధం చేసేది. ఎవరితోనైనా గొడవ ఉంటే శనివారమే వెళ్లి సర్దుకోండి, పాపం ఉంటే ఒప్పుకోండి, ఆదివారం చేయి చాపండి. మనసుకు ఏమీ తోచని వారాల్లో కూడా ఆ రొట్టె ముక్క మీ అరచేతిలో ఉంటుంది. దాన్ని మీరు తయారుచేసుకోలేదు, సంపాదించుకోలేదు, మీకు ఇచ్చారు.

అక్కడ పుచ్చుకున్నది బయటికి కూడా వెళ్లాలి. జీవనోపాధి ఉండి, సహోదరుని లేమి చూసి కూడా మనసు మూసుకునేవాడిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని 1 యోహాను 3:17 అడుగుతుంది. పక్క వాటాలో ఉన్నవాళ్లు ఏ దేవుణ్ని కొలిచేవాళ్లయినా ఇది వర్తిస్తుంది, యేసు చెప్పిన కథలో దెబ్బలు తిన్నవాడి దగ్గర ఆగిన సమరయుడు అతని మతం అడగలేదు. ఇచ్చేటప్పుడు మనసు కుదుటపడడం చాలామంది చెప్పగా విన్నాను. తనమీదున్న ప్రేమ గురించి గంటల తరబడి ఆలోచించి రాని నెమ్మది, ఇంకొకరికి గిన్నె నింపేటప్పుడు వస్తుంది.

మీకు చేతనైనదాన్ని ఎంచుకోండి. కేజీహెచ్‌లో రోగుల కంటే వాళ్లతో వచ్చినవాళ్లే ఎక్కువ ఆకలితో ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చి రోజుల తరబడి వరండాల్లో ఉండేవాళ్లున్నారు. మీ ఇంటి కూటంలో నలుగురు కలిస్తే వారానికి ఒక పూట క్యారియర్లు పంపడం పెద్ద భారం కాదు. అన్నం, పప్పు, ఒక కూర చాలు. మంచినీళ్ల సీసాలు విడిగా పెట్టండి. రోగికి ఇచ్చేదైతే డ్యూటీలో ఉన్న నర్సును ముందే అడగండి, షుగరో కిడ్నీయో ఉంటే ఉప్పు, పండ్లు కూడా చూసుకోవాలి. కరపత్రాలు క్యారియర్ మీద పెట్టకండి. వాళ్లు అడిగితే కూర్చుని మాట్లాడండి, ప్రార్థన చేయమంటే చేయండి. గిన్నెలు తిరిగి తెచ్చుకోవడానికి మరుసటి పూట ఎవరు వెళ్లాలో ముందే అనుకోండి. వెళ్లినవాళ్లు మంచం పక్కన పది నిమిషాలు కూర్చుని, నిన్న రాత్రి ఎలా గడిచిందో అడిగి రావాలి.